చంపని శరణాలయము

మన తెలుగునాట కరుణకు కొఱత యున్నదని యెవ్వరును చెప్పజాలరు. ఉదయమున వాకిట నిలిచిన కుక్కకు ముద్ద వేయు తల్లులు ప్రతి వీధిలోను కలరు. ఎండకాలమున పిట్టలకు మూకుడుతో నీళ్లు పెట్టువారు కలరు. ఆవు ఎదురైనచో తాకి కన్నుల కద్దుకొను పెద్దలకు లోటు లేదు. అయినను సూర్యాపేటనుండి కోదాడ దాక రహదారివెంట పోవువారికి, లారీచక్రముల క్రింద నలిగి, తీసి పాతిపెట్టు దిక్కులేని కుక్కల కళేబరములు కనబడుచునే యుండును. ఇంత కరుణయు ఇంత నిర్లక్ష్యమును ఒక్కచోటనే యెట్లు కాపురమున్నవి? మా అభిప్రాయమును ముందుగనే చెప్పెదము. మనకు లేనిది దయ కాదు. దయకు తగిన యేర్పాటు. ఒక్కొక్కరి దయ యెంత దొడ్డదైనను, దానికొక స్థలము, ఒక వైద్యుడు, ఒక జమాఖర్చు పుస్తకము ఏర్పడునంతవఱకు అది వీధికుక్కకును మేలు చేయదు, వీధిలో ఆడుకొను బిడ్డకును మేలు చేయదు. కావున సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములు మూడును కలిసి, ప్రజలే పోషించి ప్రజలే లెక్క చూచునట్టిదియు, వధ లేనిదియునగు జంతు శరణాలయము నొకదానిని నడపవలెనని మేము వాదించుచున్నాము.

ఈ మూడు పట్టణముల పేర్లనే యేల చెప్పితిమన, కారణము కలదు. 2016 అక్టోబరు 11వ తేదీన సూర్యాపేట జిల్లా యేర్పడువఱకు ఈ మూడును నల్లగొండ జిల్లాలోనివే. నేడు సూర్యాపేటయు కోదాడయు ఒక జిల్లాలోను, మిర్యాలగూడ మఱియొక జిల్లాలోను ఉన్నను, ఒకదానినుండి మఱియొకదానికి గంట, గంటన్నర ప్రయాణమే. హైదరాబాదునుండి విజయవాడకు పోవు 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగా సాగుచున్నది. నాగార్జునసాగరు ఎడమకాలువ నీటితో పండిన ధాన్యము మిర్యాలగూడ మిల్లులలో బియ్యమగుచున్నది. బజారునకును, వైద్యమునకును, పెండ్లిసంబంధములకును ఈ మూడూళ్ల కుటుంబములు ఒకదానితో నొకటి ముడివడియే యున్నవి. కుక్కలకు జిల్లా సరిహద్దు తెలియదు. రేబిస్ వ్యాధికి అంతకంటెను తెలియదు. ఒక పట్టణము తన కుక్కలను రాత్రివేళ బండి కెక్కించి పొరుగూరి పొలిమేరలో దింపినచో, పొరుగూరు మఱునాడు అట్లే చేయును. కుక్కలు ఊళ్లు మాఱుచుండును గాని లెక్కకు తగ్గవు.

మొదట భయపడువారి పక్షమునే వినవలెను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేండ్ల బాలుని వీధికుక్కలు కఱచి చంపినపుడు తెలుగునాట కలవరపడని యిల్లు లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారము రేబిస్ వలన ప్రపంచమున ఏటేట సుమారు 59,000 మంది మరణించుచున్నారు. మనుష్యులకు ఈ వ్యాధి నూటికి తొంబదితొమ్మిది పాళ్లు కుక్కకాటువలననే సోకుచున్నది. అనుమానింపదగిన జంతువులచేత కఱవబడువారిలో నూటికి నలువదిమంది పదునైదేండ్లలోపు పిల్లలు. లక్షణములు బయటపడిన పిమ్మట ఈ వ్యాధికి దాదాపుగా మందు లేదు. ఇది సత్యము. బిడ్డను బడికి పంపి, తిరిగివచ్చువఱకు గుమ్మములో నిలుచు తల్లిని పట్టుకొని, నీకు జీవకారుణ్యము లేదని దెప్పువాడు కరుణ యెఱిగినవాడు కాడు. అట్టివానితో మాకు పొత్తు లేదు.

కాని యా తల్లి భయమును ఆధారముగా చేసికొని, 'మందు పెట్టి చంపించుటయే మార్గము' అనువారొక వర్గము బయలుదేరినది. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్ గ్రామమున ముసుగులు ధరించిన మనుష్యులు రాత్రివేళ వచ్చి సుమారు ఇరువది కుక్కలను తుపాకులతో కాల్చి చంపిరి. తమ పని ధర్మమని నమ్మినవారు ముసుగు వేసికొనరు. చట్టము కూడ ఈ పనిని నేరమనియే చెప్పుచున్నది. 2024 జులై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షను ప్రకారము జంతువును చంపుట, విషము పెట్టుట, అంగవైకల్యము కలిగించుట అయిదేండ్లవఱకు కారాగృహవాసమునకు తగిన నేరము. కాని 1960 నాటి జంతుహింసా నివారణ చట్టమున క్రూరత్వమునకు మొదటి తప్పుకు విధించిన జుల్మానా పది రూపాయలు మొదలు ఏబది రూపాయలవఱకే! ఏబది రూపాయలకు నేడు కుక్కకు ఒక్కపూట కడుపునిండ కూడు రాదు. ఆ వెలకు దానిని కొట్టి కాలు విఱుగగొట్టవచ్చును.

చట్టము మాట యటుండనిండు. చంపినచో కుక్కలు తగ్గునా యన్నదే ప్రశ్న. ఈ ప్రశ్నకు ఉత్తరము మన పొరుగుననే కలదు. మద్రాసు నగరపాలకులు 1860 ప్రాంతమున వీధికుక్కలను పట్టి చంపుట ఆరంభించిరి. నూఱేండ్లకు పైగా ఆ పని సాగినది. అచ్చటి బ్లూక్రాస్ సంఘమువారు చూపిన లెక్క ప్రకారము, 1995 నాటికి దినమునకు 135 కుక్కలవఱకు చంపవలసివచ్చినది. నూట ముప్పదియైదేండ్లు మందు తాగిన పిమ్మట రోగము హెచ్చినచో, ఆ మందును మాన్పించవలెనా, మోతాదు పెంచవలెనా? 1910లో ఇస్తాంబుల్ నగరపాలకులు వేలకొలది కుక్కలను పట్టి నీరును నీడయు లేని దీవికి చేర్చిరి. అవి అచ్చట ఆకలిదప్పులతో ఒకదాని నొకటి తిని చచ్చెను. ఆ నగరమున నేటికిని వీధికుక్కలు కలవు.

దీనికి కారణము మంత్రము కాదు, ప్రకృతి. ఆడకుక్క సుమారు రెండు నెలలు చూలు మోసి, ఒక్క యీతకు నాలుగైదు పిల్లలను పెట్టును. ఏడాదికి రెండు మాఱులు ఈనగలదు. ఒక వీధిలోని కుక్కలను చంపినచో ఆ వీధి కుప్పమీది కూడు చావదు. ఆ కూటికి ప్రక్కవీధి కుక్కలు వచ్చును. మిగిలిన కుక్కల పిల్లలు పోటీ లేక సుఖముగా బ్రదుకును. అంతకంటె విపరీతము మఱియొకటి కలదు. ఒక ప్రాంతమున నూటికి డెబ్బది కుక్కలకు టీకా వేసినచో రేబిస్ వ్యాపింపదని వైద్యులు నిశ్చయించిరి. చంపువాడు టీకా పడిన కుక్కను, పడని కుక్కను వేఱుచేసి చంపడు. టీకా పడిన కుక్క చచ్చి, దాని చోటికి టీకా యెఱుగని క్రొత్తకుక్క వచ్చినచో, ఆ వీధి పిల్లలకు మునుపటికంటె అపాయము హెచ్చినదే గాని తగ్గలేదు. కావున కుక్కలను చంపించువాడు పిల్లలను రక్షించుచున్నాననుట భ్రమ.

ఇట్లు చెప్పగానే రెండవ వర్గమువారు సంతోషించుచుందురు. వారు జీవకారుణ్యపరులు. చీకటి పడినపిమ్మట కూడళ్లలో అన్నము క్రుమ్మరించి పోవుదురు. మేము వారిని నిందింపము. కాని వారి దయ సగమే. అన్నము పెట్టిన కుక్కకు టీకా వేయించితివా? దానికి సంతాన నియంత్రణ చికిత్స చేయించితివా? అన్నము పెట్టినచోట బడిపిల్లలు తిరుగుదురని ఆలోచించితివా? కడుపు నింపి కాన్పులు మాన్పనిచో, ఈ యేడు అయిదు కుక్కల కాకలి తీర్చినవాడు వచ్చునేటికి ఇరువది కుక్కల కాకలి కల్పించినవాడగును. 2023 మార్చిలో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన జంతు సంతాన నియంత్రణ నియమములు వీధికుక్కలకు మేత పెట్టుటకు పిల్లలు, వృద్ధులు తఱచుగా మసలని చోటులను నిర్ణయింపవలెనని చెప్పుచున్నవి. అన్నము పెట్టువారు ఆ నియమము నెఱుగరు, ఎఱిగినవారు పాటింపరు.

మూడవ వర్గము మఱియు విచిత్రమైనది. వీరు తమకు పనికిరాని జంతువును పుణ్యముపేర ఇతరుల గడపలో విడుచువారు. పెంచుకొందుమని కుక్కపిల్లను తెచ్చి, అది ఆడుదని తెలియగానే బస్సుస్టాండులో వదలుదురు. పాలు వట్టిపోయిన ఆవును, దున్నుటకు పనికిరాని కోడెను దేవునికి సమర్పించి చేతులు దులుపుకొందురు. వేములవాడ రాజన్నకు కోడెలను మ్రొక్కుగా సమర్పించు ఆచారము మన ప్రాంతమునకంతటికి తెలిసినదే. 2025 మే నెలాఖరున అచ్చటి తిప్పాపూరు గోశాలలో కొద్దిదినములలోనే అనేకములగు కోడెలు చనిపోయెను. పట్టదగిన సంఖ్యకు మించి పశువులు చేరుట, వానలకు నేల బురదయగుట ఇందుకు కారణములని పత్రికలు వ్రాసెను. అచ్చట కత్తి యెవ్వరును పట్టలేదు. ఇచ్చినవారందఱును భక్తులే. అయినను పశువులు చచ్చినవి. వధ లేదని ద్వారముమీద వ్రాసినంత మాత్రమున వధ ఆగదనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు. చోటునకు మించి చేర్చుకొను శరణాలయము కత్తిలేని కసాయిశాల.

ఇక వధ లేని శరణాలయమన నేమో నిర్వచింపవలెను. ఇది పరదేశపు వింత యని కొందఱనుకొనుచున్నారు. కాదు. 1832 జూన్ నెలలో బొంబాయి ప్రభుత్వము వీధికుక్కలను చంపించుచుండగా పార్సీలు తిరుగబడిరి. 1834లో జంషెడ్జీ జీజీభాయి మొదలగు వర్తకులు అచ్చట పాంజరాపోలు స్థాపించిరి. అది నేటికిని ఉన్నది. అంతకు రెండువేల యేండ్లకు పూర్వమే అశోకుడు మనుష్యులకును పశువులకును వైద్యము ఏర్పాటు చేసితినని శిలలమీద చెక్కించెను. ఆ శాసనము మన కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడిలో కలదు. ఆ కరుణకు మతమైన బౌద్ధము సూర్యాపేట జిల్లా ఫణిగిరి కొండమీద స్తూపములు కట్టినది. కావున ఈ భావము మనకు పాతదే. క్రొత్తగా నేర్వవలసినది దానిని నడపు విధానము.

ఆ విధానమునకు పడమటిదేశముల చరిత్ర మేలుకొలుపు వంటిది. 1866లో హెన్రీ బెర్గ్ అను నాతడు న్యూయార్కునందు జంతుహింసా నివారణ సంఘమును స్థాపించెను. ఆతడు బ్రదికియున్నంతకాలము, నగరపు కుక్కలను పట్టి చంపు కంట్రాక్టును సంఘము పుచ్చుకొనుట కొప్పుకొనలేదు. ఆతడు 1888లో మరణించెను. 1894లో సంఘము ఆ పనిని పుచ్చుకొని నూఱేండ్లు నడపెను. రక్షించుటకు పుట్టిన సంఘమే వధకు గుమాస్తా యయ్యెను. సంఘము పేరు మాఱలేదు, చందాలు తగ్గలేదు. పని మాత్రము తలక్రిందులయ్యెను. 1994లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరపు సంఘమువారు వేఱు మార్గము పట్టిరి. పెంచుకొనుటకు తగిన కుక్కకు గాని పిల్లికి గాని ప్రభుత్వశాలలో ఇల్లు దొరకనిచో దానిని తాము పుచ్చుకొందుమని నగరముతో ఒడంబడిక చేసికొనిరి. నేడు ఆ దేశమున చేరిన జంతువులలో నూటికి తొంబదింటిని ప్రాణములతో కాపాడు శాలనే వధలేనిదని పిలుచుచున్నారు. తక్కిన పదియు, నయముగాని బాధతో కొట్టుకొనుచు వైద్యుడు చేతులెత్తిన ప్రాణులు. చంపరాదనగా బాధను పొడిగింపవలెనని కాదు. చోటు చాలదనియు, ఖర్చగుననియు, ఎవ్వరును అడుగరనియు చంపరాదనియే యర్థము.

అట్టి శాల యెట్లు పెరుగును? మద్రాసు బ్లూక్రాసునే చూడుడు. 1959లో కెప్టెన్ వి. సుందరం అను విమానచోదకుడును, ఆయన భార్య ఉషయు, వారి పిల్లలును తమ యింటిలోనే దిక్కులేని ప్రాణులను చేరదీయ నారంభించిరి. 1964లో వారు కుక్కలను చంపవలదు, సంతాన నియంత్రణ చికిత్స చేసి టీకా వేసి పట్టినచోటనే విడువుడని ప్రతిపాదించిరి. నగరపాలకులు వినలేదు. వారు మానలేదు. ముప్పదిరెండేండ్లు అర్జీలు పెట్టిరి, చికిత్సలు చేసిరి, లెక్కలు చూపిరి. 1996లో నగరపాలకసంస్థ ఆ పద్ధతి నంగీకరించినది. పిమ్మట 2001లో కేంద్ర ప్రభుత్వము అదే పద్ధతిని దేశమంతటికి నియమముగా చేసినది. ఆ మద్రాసుననే రాజ్యసభ సభ్యురాలు రుక్మిణీదేవి అరండేల్ ప్రతిపాదించిన బిల్లు మూలముననే 1960 చట్టము వచ్చినది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమెయే మొదటి అధ్యక్షురాలు. ఒక యింటి పెరడులో మొదలైన పని యొక దేశపు నియమమగుటకు నాలుగు దశాబ్దములు పట్టినది. తొందరపడువారి పని కాదిది. మన రాష్ట్రములందును దృష్టాంతములు కలవు. హైదరాబాదున 1992లో అమల అక్కినేని, నాగార్జున దంపతులు బ్లూక్రాసును నెలకొల్పిరి. 1996లో విశాఖపట్టణమున జంతురక్షణ సంఘమొకటి యేర్పడి కుక్కలు, పశువులు, సముద్రపు తాబేళ్లవఱకు తన పని విస్తరించినది. నగరములు చేసిన పనిని పట్టణములు చేయలేవా?

ఇప్పుడు ఈ పని యొక జాలిపనిగా గాక అవసరమైన పౌరకార్యముగా మాఱినది. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలనన్నిటిని పట్టి శాలలలో ఉంచవలెనని ఉత్తరువు చేసినది. ఆగస్టు 22న మఱియొక ధర్మాసనము దానిని సవరించి, రేబిస్ సోకినవి, క్రూరముగా ప్రవర్తించునవి తప్ప తక్కినవానికి చికిత్స చేసి టీకా వేసి పట్టినచోటనే విడువుడన్నది. నవంబరు 7న పాఠశాలలు, ఆసుపత్రులు, బస్సు స్టేషనులు, రైల్వే స్టేషనుల ఆవరణలనుండి కుక్కలను తొలగించి శాలలకు చేర్పుడనియు, తిరిగి అచ్చట విడువరాదనియు ఆజ్ఞాపించినది. ఈ ఉత్తరువుల మంచిచెడ్డలను న్యాయవాదులు వాదింపనిండు. ఇంటివారుగా మనము అడుగవలసిన ప్రశ్న యొక్కటే: శాలకు చేర్పుడన్న మాట సరే, తగిన శాల లేనిచోట ఆ ఉత్తరువు నెట్లు పాటింతురు? ఉత్తరువునకు భయపడిన యుద్యోగి కుక్కలను బండి కెక్కించును. బండి యెచ్చటికో పోవును. మఱునాడు బండి ఖాళీగా తిరిగివచ్చును. ఎచ్చటికి పోయినవని యడుగువా డుండడు. వధ లేని శాల లేనిచోట పట్టుబడిన కుక్కకు మిగిలినది వధయే.

కావున మా ప్రతిపాదన నివేదించుచున్నాము. మూడు పట్టణముల మునిసిపాలిటీలు, వర్తకసంఘములు, మహిళాసంఘములు కలిసి యొక్క సంఘముగా నమోదు చేసికొని, జంతు సంక్షేమ మండలి గుర్తింపు పొందవలెను. గుర్తింపు లేనివారికి సంతాన నియంత్రణ చికిత్స చేయు అధికారము 2023 నియమములు ఇచ్చుట లేదు. స్థలము మునిసిపాలిటీ యియ్యవలెను. వీధికుక్కల సంతాన నియంత్రణ ఆ నియమముల ప్రకారము స్థానికసంస్థల విధియే గాని వారి దయాదానము కాదు. చికిత్సాగృహము, పట్టిన కుక్కలను ఒక్కొక్కదానిని వేఱుగా ఉంచు గదులు, రేబిస్ అనుమానమున్నవానికి ఎడముగా మఱియొక గది, బండి యొకటి, నిత్యము వచ్చు పశువైద్యుడు, పట్టుటలో శిక్షణ పొందిన మనుష్యులు - ఇవి కనీసము. వలతోనో చేతితోనో పట్టవలెను గాని ఇనుపపటకారులతో మెడ నొక్కి యీడ్చరాదు. ఆరు నెలలు నిండని పిల్లలకు చికిత్స చేయరాదు. చికిత్స యైనదానికి చెవికొసన గుర్తు పెట్టి, పట్టిన వీధిలోనే విడువవలెను. న్యాయస్థానము వలదన్న చోటుల కుక్కలు మాత్రము శాలలోనే యుండవలెను.

మేతకును పరుపునకును మనము పరదేశమునకు పోనక్కఱలేదు. మిర్యాలగూడ మిల్లులలో నూకలు, తవుడు, ఊక కొండలుగా పడుచున్నవి. నూకలు ఉడికించి గ్రుడ్డో పప్పో కలిపినచో కుక్కకు కూడు. తవుడు పశువునకు దాణా. గడ్డి నేలమీద పఱచినచో పడక. కోత లైనపిమ్మట పొలములలో తగులబెట్టు వరిగడ్డిలో ఒక్క పాలు తెచ్చి వామి వేసినచో ఏడాది గడచును. రహదారివెంట హోటళ్లవారు మిగిలిన అన్నమును రోడ్డుప్రక్క పాఱవేయుటకు బదులు శాలకు పంపవచ్చును. మఱియొక మాట. కోళ్లదుకాణముల వ్యర్థములును విందుల యెంగిలియు బయట పడియున్నంతకాలము ఏ శాలయు పని చేయజాలదు. ఈ విషయమున సూర్యాపేట యితరులకు పాఠము చెప్పగల ఊరు. 2003 ప్రాంతమున ఇంటింట తడిచెత్త పొడిచెత్త వేఱుగా సేకరించి ఎరువు చేయించి, చెత్తకుండీలు లేని పట్టణమని దేశమంతట పేరు పొందినది. అప్పుడు కమిషనరొక్కడు కాక గృహిణులందఱును ఆ పనిలో చేయి వేసిరి. అదియే కుక్కల సమస్యకు మొదటి మందు. ఒకమాఱు చేసిన ఊరు మఱియొకమాఱు చేయలేనని చెప్పరాదు.

ఇక శాలకు మూడు కట్టుబాట్లుండవలెను. మొదటిది, చోటునకు మించి చేర్చుకొనరాదు. ద్వారముకడ కన్నీరు పెట్టినవారికెల్ల తలుపు తెఱచినచో లోపలి ప్రాణులు చచ్చును. చోటు లేనపుడు, తెచ్చినవారి యింటిలోనే కొన్నాళ్లుంచి, మందును సలహాయు శాల యియ్యవలెను. రెండవది, శాల గోదాము కాదు, సత్రము. వచ్చిన ప్రాణి నయమై యింటికో వీధికో పోవుటయే దాని పని. పెంచుకొనువారిని వెదకుట వైద్యమంత ముఖ్యము. వేలు పోసి విదేశజాతి కుక్కను కొనువారు శాలలోని మన యూరికుక్కను పెంచుకొనుట అవమానమని తలంచుచున్నారు. మన యెండను, మన తిండిని తట్టుకొని బ్రదుకునది ఊరికుక్కయే. శీతలదేశపు బొచ్చుకుక్కను తెచ్చి సూర్యాపేట మేనెలలో డాబామీద కట్టివేయుట ప్రేమ కాదు. మూడవది, ప్రతిమాసము లెక్క ప్రకటింపవలెను: ఎన్ని చేరినవి, ఎన్ని నయమైనవి, ఎన్ని యిండ్లకు పోయినవి, ఎన్ని చచ్చినవి, ఎందుచేత చచ్చినవి, రూపాయ యెచ్చటినుండి వచ్చినది, ఎచ్చటికి పోయినది. చావులు దాచు శాలకు చందా యియ్యరాదు. దేవునిపేరో, దాతపేరో ద్వారముమీద చెక్కించుటకంటె ఈ పట్టికను ద్వారముకడ వ్రేలాడదీయుట మేలు.

'మనుష్యులకే ఆసుపత్రిలో మంచము దొరకకుండగా కుక్కల కాసుపత్రి యేల?' అని యడుగువారు కలరు. ఈ ప్రశ్న వినుటకు న్యాయముగా నున్నది, విచారించిన నిలువదు. కుక్కకు టీకా వేయనిచో కఱవబడిన మనుష్యునికి వేయవలెను. కుక్కకు ఏటికొక్క సూది చాలును. కఱవబడినవానికి అనేకమైన సూదులు, కొన్నిసారులు మిక్కిలి ప్రియమైన సీరము, కూలిపని పోయిన దినములు, దారిఖర్చులు. ఆ ఖర్చు పేదవాడే భరించుచున్నాడు. ఏలయన కారులో తిరుగువానిని కుక్క కఱవదు, తెల్లవాఱుజామున వీధులూడ్చు మనిషిని, సైకిలుమీద పాలు పోయువానిని, కాలినడకను బడికి పోవు పిల్లను కఱచును. జంతు శరణాలయము ధనికుల వేడుక కాదు. పేదవాడలకు అది ఆరోగ్యరక్ష. ఆ మాటకు వచ్చిన, కఱచినవెంటనే గాయమును సబ్బుతోను పాఱునీటితోను పదునైదు నిమిషములు కడుగవలెనను విషయము నేటికిని ఎన్ని యిండ్లకు తెలియును? గాయముమీద కారము చల్లువారు, పసరు పిండువారు, మంత్రము వేయించువారు ఇంకను కలరు. ఈ విషయమును బడిబడికి పోయి చెప్పు పని కూడ శాలదే.

'ఇది ప్రభుత్వము పని, మనకేల?' అను రెండవ ప్రశ్నకు సమాధానము సులభము. ప్రభుత్వము చేయనపుడు చేయించు పని ప్రజలది. కోతుల బెడదకు 2020లో నిర్మల్‌లో సంతాన నియంత్రణ కేంద్రము తెఱచినది ప్రభుత్వమే. పంటపోయిన రైతులు గోలపెట్టగా తెఱచినది. కుక్కల విషయమున మనము గోల పెట్టుచున్నాము, కాని చంపుడని గోల పెట్టుచున్నాము. అడిగినదే లభించును. మునిసిపల్ ఎన్నికలలో వోటడుగ వచ్చినవానిని రోడ్డు, నీరు, దీపము అడుగుచున్నాము. ఈ యేడు ఎన్ని కుక్కలకు చికిత్స చేయించితిరి, ఎన్నిటికి టీకా వేయించితిరి, లెక్క యేదియని యడిగినచో, వానికి జవాబు చెప్పవలసిన యక్కఱ కలుగును.

మన భారతమును నన్నయ తెనిగించినపుడు ఆదిపర్వపు తొలికథలలోనే ఒక కుక్క నాలుక విప్పినది. జనమేజయుడు యజ్ఞము చేయుచుండగా ఆడుకొన వచ్చిన కుక్కపిల్లను రాజు తమ్ములు నిష్కారణముగా కొట్టిరి. తల్లియైన సరమ రాజసభకు వచ్చి, దిక్కులేనివారికి మంచిచెడ్డ లెంచక కీడు చేసినవారికి ఊహింపని భయములు వచ్చునని చెప్పి పోయెను. రాజు ఆ మాటకు కలతపడి, కీడు తొలగించు పురోహితుని వెదకుకొనుచు పోయెను. మనము ఈ కథను పురాణశ్రవణములలో విని తలలూపుచున్నాము. తెలుగు సాహిత్యమునకు గుమ్మమువంటి గ్రంథమున న్యాయము కోరి వచ్చిన మొదటి తల్లులలో ఒకతె కుక్క! ఆ తల్లి శాపము నాటికథ కావచ్చును. ఊహింపని భయము మాత్రము నేడు మన వీధులలో నిజముగా తిరుగుచున్నది.

ఈ పత్రికను చదువు గృహస్థులు, గృహిణులు ఎదుటివారిని కాచుకొని కూర్చుండనక్కఱలేదు. శాల కట్టుటకు ముందే చేయదగిన పనులు కలవు. ఇంటిలో కుక్క యున్నచో దానికి టీకా వేయించుడు, సంతాన నియంత్రణ చికిత్స చేయించుడు. ఆడపిల్లయని కుక్కపిల్లను వీధిలో విడువకుడు. అన్నము పెట్టుచున్న కుక్కకు పోషకులమని ఒప్పుకొని దాని టీకా ఖర్చు భరింపుడు. ఎంగిలిని రోడ్డుమీద విసరకుడు. మీ వీధిలో ఎన్ని కుక్కలున్నవో, వానిలో చెవికి గుర్తున్నవి ఎన్నియో లెక్కించి, ఆ కాగితమును మునిసిపల్ కమిషనరునకు ఇచ్చి, పుచ్చుకొన్నట్లు రసీదు తీసికొనుడు. రసీదులు పది యిండ్లలో చేరినచో సంఘమునకు అదియే మొదటి సభ్యుల పట్టిక. సూర్యాపేటలో పదిమంది, కోదాడలో పదిమంది, మిర్యాలగూడలో పదిమంది ఈ రసీదులు చేతబట్టి ఒక్క ఆదివారము కూడుకొన్నచో, శరణాలయమునకు పునాది పడినట్లే. ఆ పదుగురిలో మన పేరు లేనపుడు, కుక్కలు హెచ్చినవని ఫిర్యాదు చేయుటకును, కుక్కలను చంపిరని కన్నీరు పెట్టుటకును మనకు సమానముగా హక్కు లేదు.